పటంలో దారి, నేలమీద రాళ్లు

డెత్ వ్యాలీలో గనులు మూతపడి చాలాకాలమైంది. వాటికోసం వేసిన బాటలు మాత్రం పటాల్లోనూ, చట్టంలోనూ ఇంకా బతికే ఉన్నాయి. ఆ బాటల్లో ఒకదాని వెంట ప్రయాణం.

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ దక్షిణ కొసన, ఆష్‌ఫర్డ్ మిల్లు శిథిలాలకు కొద్ది దూరంలో తారు రోడ్డును వదిలి ఓ కంకర బాట పడమటికి మళ్లుతుంది. అక్కడ ఆర్భాటమేమీ ఉండదు. చిన్న బోర్డు, టైర్ల గుర్తులు, అవతల తెల్లగా మెరిసే ఉప్పు నేల, దాని వెనక పానమింట్ పర్వతాలు. అంతే. 1914లో బంగారు ఖనిజాన్ని నూరడానికి కట్టిన ఆ మిల్లు గోడలు మాత్రం కోట గోడల్లా మందంగా నిలబడి ఉన్నాయి. ఆర్డరిచ్చిన దానికి రెట్టింపు సిమెంటు పొరపాటున వచ్చిందనీ, తిప్పి పంపడం కంటే గోడలకే వాడేయడం చౌక అనుకున్నారనీ చెబుతారు. ఈ లోయలో గనుల చరిత్రంతా దాదాపు ఇలాంటిదే. రాబడి కన్నా ఖర్చు ఎక్కువ, ఖర్చు కన్నా ఆశ ఎక్కువ.

ఎండిన అమర్గోసా నదిని దాటాక ఎడమవైపు చీలేదే వార్మ్ స్ప్రింగ్ కాన్యన్ దారి. అక్కడినుంచి బ్యూట్ వ్యాలీ మీదుగా మెంగెల్ కనుమ ఎక్కి, గోలర్ వాగులోకి దిగి, అవతలి పానమింట్ లోయలోని బాలరాట్ చేరడం ఈ ప్రయాణం. సముద్రమట్టానికి అటూఇటూగా మొదలయ్యే దారి కనుమ దగ్గరకు వచ్చేసరికి 1,319 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. పటంలో చూస్తే పూట ప్రయాణం. నేలమీద మాత్రం పొద్దున్న బయల్దేరిన జీపు పొద్దుగూకేలోపు అవతల తేలితే అదృష్టమే.

ఇక్కడి ఎండ సంగతి వేరే చెప్పాలి. రెంటచింతల వేసవి చూసినవారికి కూడా ఇది కొత్తే. 1913 జులై 10న ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఏడాదికి సగటున రెండంగుళాల చిల్లర వాన. అది కూడా ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో చెప్పలేరు. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను అవశేషం ఒక్కరోజులో 2.2 అంగుళాలు కురిపించింది. అంటే ఏడాది వాన ఒక్క పూటలో పడిందన్నమాట. రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది. ఎడారి బాటకు అసలు శత్రువు ఎండ కాదు, నీరు. నిన్న జీపు వెళ్లిన చోట ఇవాళ నిలువెత్తు గండి ఉండొచ్చు.

బలపం రాతి ఊరు

మొదటి 17, 18 కిలోమీటర్లు దారి కాస్త మర్యాదగానే ఉంటుంది. దువ్వెన పళ్లలాంటి గతుకులు బండిలోని ప్రతి బోల్టునూ పలకరిస్తాయి గానీ ఆపవు. కాన్యన్ గోడలమీద తెల్లటి చారలు కనిపించడం మొదలయ్యాక గనుల ప్రాంతం వచ్చినట్టే. ఆ తెలుపు టాల్క్‌ది. మన పిల్లలు పలకమీద రాసే బలపం కూడా ఈ జాతి రాయే. కర్నూలు, అనంతపురం జిల్లాల గనులు ఎరిగినవారికి ఆ జిగురు తెలుపు వెంటనే గుర్తుకొస్తుంది. ఇక్కడి టాల్క్ రంగుల్లోకి, పింగాణీ పలకల్లోకి, సౌందర్య సాధనాల్లోకి వెళ్లింది.

ఈ గనులను నిలబెట్టింది లూయీస్ గ్రాంథమ్ అనే మహిళ. 1930లలో, ఆడవాళ్లు గనిలోకి అడుగుపెడితే అపశకునమని నమ్మే కాలంలో, ఆమె ఇక్కడ క్లెయిములు వేసి కంపెనీ నడిపారు. లోయలోని మిగతా గనులు నాలుగైదేళ్లకు చతికిలబడుతుంటే ఇది దశాబ్దాలపాటు పనిచేసి 1980లలో ఆగింది. బంగారం, వెండి అంటూ వచ్చినవారు అప్పులతో వెళ్లారు. పొడిరాయి తవ్వినవారు నిలదొక్కుకున్నారు. బోరాక్స్ సంగతీ అంతే. 1883-88 మధ్య హార్మొనీ బోరాక్స్ కార్ఖానా నుంచి ఇరవై కంచరగాడిదల బండ్లు 165 మైళ్ల దూరంలోని మొహావీ రైలు స్టేషన్‌కు పది రోజుల్లో సరుకు చేర్చేవి. డెత్ వ్యాలీ పేరు అమెరికా వంటింటికి చేరింది ఆ సబ్బుపొడి డబ్బామీదే.

వార్మ్ స్ప్రింగ్ శిబిరంలో ఇప్పుడు మనుషులు లేరు. ఖాళీ ఇళ్లు, గనివారు ఊటనీటితో నింపుకున్న ఈతకొలను తొట్టి, చెట్ల నీడ ఉన్నాయి. ఎడారి మధ్యలో గని కూలీలకు ఈతకొలనా అని ఆశ్చర్యపోయేవారు ఇక్కడ ఓ మధ్యాహ్నం గడిపితే ఆ ప్రశ్న మళ్లీ అడగరు. కాస్త అవతల చిన్న ఖనిజపు మిల్లు, తుప్పుపట్టిన ఇంజను అలాగే ఉన్నాయి. వాటికి గేటు లేదు, టికెట్టు లేదు, కాపలాదారూ లేడు.

శిబిరం దాటాక దారి స్వభావం మారుతుంది. ఎక్కువసార్లు వాగే దారి, దారే వాగు. ఏది బాటో, ఏది నీరు కోసిన చాలో పోల్చుకోవడం అనుభవజ్ఞులకే పని. ముందు వెళ్లిన టైరు గుర్తును నమ్మడానికి వీల్లేదు. ఆ బండి కూడా దారి తప్పి ఉండవచ్చు. తెలిసినవాళ్లు చూసేది రాళ్లను. ఒకప్పుడు లారీలు నడిచిన చోట రాళ్లు పక్కకు తోసి గట్టులా ఉంటాయి. వాగు మోసుకొచ్చిన రాళ్లయితే పాయ పొడవునా చెదిరి పడి ఉంటాయి. కొండవాలును ఏటవాలుగా కోసిన గీత ఎప్పుడూ మనిషి పనే. నీరు అలా అడ్డంగా కోయదు.

తిరిగిరాని కుటుంబం

ఈ తేడా ఎంత ముఖ్యమో 1996 జులైలో తెలిసింది. జర్మనీ నుంచి విహారయాత్రకు వచ్చిన నలుగురు, అంటే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, అద్దెకు తీసుకున్న మామూలు మినీవ్యాన్‌లో సరిగ్గా ఈ దారిలోనే వచ్చారు. వార్మ్ స్ప్రింగ్ దగ్గరి సందర్శకుల పుస్తకంలో కనుమ మీదుగా వెళుతున్నామని రాశారు. ఆ తర్వాత కనిపించలేదు. వాళ్లు స్వదేశం చేరలేదని తెలిశాక ఆరా మొదలైంది గానీ వ్యాన్ కనిపించింది అక్టోబరులో. అదీ హెలికాప్టర్‌లో వెళుతున్న ఓ పార్కు ఉద్యోగి కంటబడడం వల్ల. అన్విల్ కాన్యన్ అనే పక్క వాగులో, ఇసుకలో కూరుకుపోయి, మూడు టైర్లు పగిలి ఉంది. వందలమంది గాలించినా మనుషుల జాడ దొరకలేదు. 13 ఏళ్ల తర్వాత, 2009లో, ఇద్దరు స్వచ్ఛంద అన్వేషకులు వ్యాన్‌కు దక్షిణంగా చాలా మైళ్ల దూరంలో పెద్దవాళ్లవిగా భావిస్తున్న అవశేషాలు కనుగొన్నారు. పిల్లల సంగతి ఖాయంగా తేలనేలేదు.

వాళ్లు అటు ఎందుకు వెళ్లారు? కేసును ఏళ్లతరబడి తవ్వినవారి అంచనా ఇది. మెంగెల్ కనుమ దగ్గరి బండరాళ్లను వ్యాన్ ఎక్కలేకపోయింది. వచ్చిన దారిన వెనక్కి మళ్లితే చాలా దూరం. పటంలో అన్విల్ కాన్యన్ వెంట లోయలోకి దగ్గరి దారి ఉంది. నిజానికి అది అప్పటికే వాహనాలకు మూసేసిన, వాగు మింగేసిన పాత బాట. దక్షిణాన పటంలో చైనా లేక్ నౌకాదళ స్థావరం సరిహద్దు కూడా ఉంది. సైనిక స్థావరమంటే కంచె, కాపలా, మనుషులు ఉంటారని యూరప్ నుంచి వచ్చిన మనిషి అనుకోవడం సహజం. ఇక్కడ ఆ సరిహద్దు వెంట ఉండేది ఎడారే.

2009 ఆగస్టులో ఇంకో విషాదం. పార్కు దక్షిణ ప్రాంతంలో ఓ తల్లి, ఆమె కొడుకు ప్రయాణిస్తున్న వాహనం ఇసుకలో దిగబడింది. ఐదు రోజుల తర్వాత సాయం అందేసరికి బాలుడు మరణించాడు. అప్పటికి అచ్చు పటాల స్థానంలో జీపీఎస్ వచ్చింది. కానీ దానిలో ఉన్నవీ పాత గనుల కాలపు గీతలే. పార్కు రేంజర్లు ఇలాంటి ఘటనలకు ‘జీపీఎస్ మరణాలు’ అని పేరు పెట్టారు. లేని రోడ్లను యంత్రాల పటాల్లోంచి తీసేయించే పనికి స్వయంగా పూనుకోవలసి వచ్చింది.

1866 నాటి ఒక వాక్యం

నేలమీద లేని దారి పటంలో ఎందుకు ఉంటుంది? దీనికి సమాధానం భూగోళంలో కంటే రాజకీయంలో ఉంది. అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1866లో, అమెరికన్ కాంగ్రెస్ గనుల చట్టం చేసింది. వేరే అవసరాలకు కేటాయించని ప్రభుత్వ భూముల మీదుగా రహదారులు వేసుకునే హక్కు ఇస్తున్నట్టు అందులో ఒకే ఒక వాక్యం. దరఖాస్తు లేదు, రిజిస్టరు లేదు. పశ్చిమాన్ని త్వరగా జనంతో నింపాలన్న తొందరలో అలాంటివి అవసరమనిపించలేదు. 1872 నాటి మరో చట్టం ఖనిజం దొరికిన ప్రభుత్వ భూమిని ఎకరా ఐదు డాలర్లకో, అంతకంటే తక్కువకో సొంతం చేసుకునే వీలు కల్పించింది. భూమి పట్టాల జారీని 1994లో నిలిపేశారు గానీ ఆ చట్టం మాత్రం ఇంకా అమల్లోనే ఉంది. దానికింద తవ్వే బంగారం, వెండి వంటి ఖనిజాలపై ఫెడరల్ ప్రభుత్వానికి రాయల్టీ లేదు.

రోడ్ల వాక్యాన్ని 1976లో రద్దు చేశారు. అయితే అప్పటికే ఏర్పడిన హక్కులు చెల్లుతాయన్నారు. పేచీ అక్కడ మొదలైంది. గాడిద నడిచిన కాలిబాట ‘రహదారి’ అవుతుందా? ఒకసారి గనివాడి లారీ వెళ్లి, తర్వాత యాభయ్యేళ్లు ఎవరూ వెళ్లకపోతే హక్కు ఉన్నట్టా, పోయినట్టా? యూటా రాష్ట్రం 2012 నాటికి 12 వేలకు పైగా ఇలాంటి దారులపై ఫెడరల్ కోర్టుల్లో హక్కు కోరింది. డెత్ వ్యాలీ అధిక భాగం ఉన్న ఇన్యో కౌంటీ కూడా పార్కులో మూసేసిన కొన్ని పాత దారులకోసం 2006లో కోర్టుకెక్కింది. దానికి పెద్దగా ఫలితం దక్కలేదు.

రెండు పక్షాల వాదనల్లోనూ పస ఉంది. తాతల కాలంనుంచి తిరిగిన దారిని వాషింగ్టన్‌లో కూర్చున్నవారు మూసేయడమేమిటన్నది చుట్టుపక్కల పల్లెలవారి, జీపు ప్రియుల వాదన. ముసలివారు, నడవలేనివారు ఈ కొండలను చూడాలంటే బండి తప్ప దారేదని కూడా వారు అడుగుతారు. పర్యావరణవాదుల మాట వేరు. దారి హక్కు ఒకసారి కౌంటీ చేతికొస్తే ఇవాళ గతుకుల బాట, రేపు వెడల్పు రోడ్డు, ఎల్లుండి కొత్త గని అని వారి భయం. ఆ భయం ఊహ కాదు. 1933లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించిన కొద్ది నెలలకే మళ్లీ గనులకు తెరిచారు. 1970ల మొదట్లో యంత్రాలతో కొండలను పైనుంచి తవ్వడం మొదలైనప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టి, 1976లో పార్కుల్లో గనులపై నియంత్రణ చట్టం వచ్చింది. చివరిగా పనిచేసిన బిల్లీ బోరాక్స్ గని 2005లో ఆగింది.

1994 అక్టోబరు 31న డెత్ వ్యాలీ జాతీయ పార్కయింది. అందులో 90 శాతానికి పైగా నేలను చక్రం తిరగరాని వన్యప్రాంతంగా ప్రకటించారు. మిగిల్చిన పాత బాటలు ఆ వన్యప్రాంతం మధ్యనుంచి సన్నటి దారపు పోగుల్లా వెళతాయి. అందుకే ‘ఆఫ్ రోడ్’ అనే మాట ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఎంత ఘోరమైన దారైనా బాటమీదే నడపాలి. దాన్ని వదిలి పది గజాలు పక్కకు వెళ్లినా నేరమే. ఎడారి నేల పైపెంకుమీద పడిన టైరు గాటు దశాబ్దాలపాటు మానదు.

ఈ వాదంలో చివరగా వినిపించిన గొంతు అందరికంటే ముందునుంచీ ఇక్కడున్నవారిది. టింబిషా షోషోనీ తెగవారికి ఈ లోయ ఇల్లు. దీనికి మృత్యులోయ అని పేరు పెట్టడమే వారికి నచ్చదు. 1849-50లో దగ్గరి దారి అనుకుని వచ్చి చిక్కుకున్న బంగారు వేట బిడారువారు పెట్టిన పేరది. వారిలో లోయలో చనిపోయినట్టు తెలిసినది ఒక్కరే. గనివారి బాటలు చాలాచోట్ల టింబిషాల ఊటలను కలుపుతూ పోయే పాత నడకదారుల మీదే పడ్డాయి. ఈ తెగకు ఫెడరల్ గుర్తింపు 1983లో, కొంత భూమి 2000లో చేసిన చట్టంతో దక్కాయి. ఆ భూమి మొత్తం 7,754 ఎకరాలు. పార్కు విస్తీర్ణం 34 లక్షల ఎకరాలు.

కనుమ మీద

బ్యూట్ వ్యాలీ చేరగానే కొండలు ఒక్కసారి దూరం జరుగుతాయి. మధ్యలో స్ట్రైప్డ్ బ్యూట్ అనే గుట్ట, చీర అంచుల్లా రంగురంగుల చారలతో ఒంటరిగా నిలబడి ఉంటుంది. అన్విల్ ఊట పక్కన రాతితో కట్టిన ‘జియాలజిస్ట్ క్యాబిన్’. ముందు వచ్చినవారిదే ఆ రాత్రి బస. జెండా ఎగురుతుంటే లోపల మనుషులున్నట్టు. వెనక వచ్చినవారు మర్యాదగా ముందుకు సాగిపోవాలి. వెళ్లేవారు తర్వాతివారికోసం కట్టెలో, నీళ్ల సీసాలో, డబ్బా ఆహారమో వదిలి వెళ్లడం ఆనవాయితీ. 1996 నాటి ఆ వ్యాన్‌లో దొరికిన వస్తువుల్లో ఈ క్యాబిన్ జెండా కూడా ఉంది.

కనుమకు ముందు చివరి ముక్కే అసలు పరీక్ష. మెట్లలా పరచుకున్న బండలమీద బండి నడక వేగంకన్నా మెల్లగా వెళ్లాలి. టైర్లలో గాలి బాగా తగ్గిస్తారు. అప్పుడు రబ్బరు రాతిని పట్టుకుంటుంది, చీలదు. ఒకరు దిగి ముందు నడుస్తూ ఏ చక్రం ఏ రాతిమీద పెట్టాలో చేత్తో చూపిస్తారు. బండి అడుగుభాగం రాతికి రాసుకునే చప్పుడు వింటే కొత్తవారి గుండె జారుతుంది. ఎదురుగా బండి వస్తే ఎక్కేదానికే దారి. దిగేది వెనక్కి తగ్గాలి.

పైన రాళ్ల కుప్పలాంటి సమాధి ఒకటుంది. కార్ల్ మెంగెల్ అనే ఒంటికాలి గని అన్వేషకుడిది. 1944లో ఆయన చనిపోయాక చితాభస్మంతోపాటు కొయ్యకాలునూ ఇక్కడే పెట్టారని చెబుతారు. అక్కడినుంచి అటు చూస్తే గోలర్ వాగు, ఇటు చూస్తే వచ్చిన దారి. జర్మన్ కుటుంబం వెనుదిరిగి ఉంటుందనుకునే బండలూ ఆ దగ్గర్లోనే.

దిగుడులో బార్కర్ రాంచ్ శిథిలాలు తగులుతాయి. 1969 అక్టోబరులో హంతక ముఠా నాయకుడు చార్లెస్ మాన్సన్ పట్టుబడింది ఇక్కడే. లాస్ ఏంజెలెస్ హత్యలు చేసింది వీళ్లేనని పట్టుకున్నవారికి అప్పటికి తెలియదు. దొంగ వాహనాలు, పార్కువారి మట్టి యంత్రాన్ని తగలబెట్టడం అప్పటి అభియోగాలు. చట్టం చేరలేదనుకున్న చోటికి ముఠా గనివారి బాటమీదే వచ్చింది, దాని వెనకే రేంజర్లూ వచ్చారు. ఆ ఇల్లు 2009లో మంటల్లో కాలిపోయింది.

వెళ్లాలనుకునేవారికి

శీతాకాలం సెలవుల్లో లాస్ వేగాస్‌నుంచి, బే ఏరియానుంచి డెత్ వ్యాలీకి వచ్చే తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. అధికశాతం బ్యాడ్‌వాటర్, ఇసుక తిన్నెలు చూసి చీకటిపడేసరికి వెనుదిరుగుతారు. అద్దె కారులో ఈ దారికి వద్దామనుకునేవారు ముందు ఒప్పందం చదవాలి. తారు వదిలితే బీమా చెల్లదని సాధారణంగా అందులోనే ఉంటుంది. ఎత్తయిన, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, పూర్తి సైజు అదనపు టైర్లు, గాలి పంపు, మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల చొప్పున అవసరానికి మించిన నీళ్లు ఉండాలి. సెల్‌ఫోన్ పనిచేయదు. బండిని లాగించాలంటే ఖర్చు వందల్లో కాదు, వేల డాలర్లలో. వేసవిలో అసలు రాకూడదు. బయల్దేరేముందు ఆ వారం దారి ఎలా ఉందో రేంజర్లను అడగాలి. ఎటు వెళుతున్నదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ బయట ఒకరికి చెప్పి ఉంచాలి. బండి ఆగిపోతే దాన్ని వదలకూడదు. గాలించేవారికి మనిషికన్నా బండి ముందు కనిపిస్తుంది.

గోలర్ వాగు ఇరుకు గోడలు దాటాక పానమింట్ లోయ విచ్చుకుంటుంది. ఉత్తరాన బాలరాట్. ఆస్ట్రేలియాలోని బంగారు పట్నం పేరు అరువు తెచ్చుకుని 1897లో పుట్టిన ఊరు. నాలుగైదు వందల మంది జనం, ఏడు సారా కొట్లు ఉండేవని చెబుతారు. గని తగ్గింది, జనం తగ్గారు, 1917లో పోస్టాఫీసు మూసేశారు. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఒంటరిగా ఇక్కడే ఉండిపోయిన ముసలి అన్వేషకుడు ‘సెల్డమ్ సీన్ స్లిమ్’ 1968లో చనిపోయి ఊరి శ్మశానంలోనే ఉన్నాడు. మట్టి గోడలు కరిగిపోతున్నాయి. సాయంత్రానికి కనుమ దిగి వచ్చిన జీపులు అక్కడ ఆగుతాయి. డ్రైవర్లు దిగి, టైర్లలో తగ్గించిన గాలిని మళ్లీ పడతారు. ఆ పని అయ్యేసరికి పావుగంటో, అరగంటో పడుతుంది. ఆ తర్వాత ముందున్నది తారు రోడ్డే.